హెడ్‌లైట్ పాలిష్: రెండు ఎండాకాలాల తర్వాత

ఎండకు పసుపెక్కి మసకబారిన హెడ్‌లైట్లకు పాలిష్ పనిచేస్తుందా అని అడిగినవాళ్లందరికీ మొదట్లో ఒకటే జవాబు చెప్పాను: వెంటనే కొనండి. ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే దానికి కొంత చేర్చాలి.

మాది 2009 నాటి కారు. అమ్మ ములుగులో ఉంటుంది కాబట్టి హనుమకొండ నుంచి రాత్రి ప్రయాణాలు తప్పవు. ఆత్మకూరు దాటాక వెనక లైటు లేని పత్తి ట్రాక్టరు ముందు వెళుతుంటే బాగా దగ్గరికి వెళ్లేదాకా కనిపించేది కాదు. బల్బులు మార్చినా ఫలితం లేదు. వెలుతురంతా ఆ పసుపు పొరలోనే చెదిరిపోయేది. పాలిష్ పెట్టి తడిగుడ్డతో రుద్దుతుంటే తెల్లటి ముద్ద చూస్తుండగానే పసుపురంగుకు తిరిగింది. తుడిచి చూస్తే లోపలి బల్బు స్పష్టంగా కనిపించింది. ఆ రాత్రి రోడ్డు అంచున తెల్లగీత చాలా దూరం దాకా కనిపిస్తుంటే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఉగాది దాటాక కుడి లైటు మళ్లీ మసకబారింది. రోహిణి కార్తె వచ్చేసరికి మునుపటికంటే ముదురు పసుపు. ఎడమది మాత్రం దాదాపు బాగానే ఉంది. కారు నిలిపేచోట ఎడమ పక్కన వేపచెట్టు నీడ పడుతుంది, కుడి పక్క పొద్దంతా ఎండే. ఇప్పటి హెడ్‌లైట్లకు ముందుండేది గాజు కాదు, పాలీకార్బనేట్ ప్లాస్టిక్. దెబ్బకు తట్టుకుంటుంది గానీ అతినీలలోహిత కిరణాలకు ఓర్వలేదు. అందుకే తయారీలోనే దానిపై రక్షణ పూత వేస్తారు. పాలిష్‌లోని సన్నని రాపిడి పొడి మసకతోపాటు ఆ పూతలో మిగిలిందాన్ని కూడా గీకేస్తుంది. ఇక ఎండ నేరుగా ప్లాస్టిక్ మీదే. టూత్‌పేస్టుతో రుద్దినా ఇదే జరుగుతుంది. నేను కొన్న సీసా మీద ఈ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. నా కోపమంతా అందుకే. వరంగల్ ఎండల్లో ఈ సరుకు అమ్మేవాళ్లు ముందుగా చెప్పవలసిన మాట అది.

వానలకు ముందు ఒక పెయింటింగ్ షెడ్డులో 800 నంబరు నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు) పట్టించి, పైన క్లియర్ కోటు, అంటే రంగులేని రక్షణ పూత, కొట్టించాను. ఆ తర్వాత మరో ఎండాకాలం గడిచింది. అంచున ఒకచోట పూత కాస్త లేచింది తప్ప పసుపు జాడ లేదు.

అదే పాలిష్ స్పీడోమీటరు మీది ప్లాస్టిక్ అద్దానికి మాత్రం అద్భుతంగా పనిచేసింది. దుమ్ము తుడిచీ తుడిచీ పడిన సన్నగీతలు పోయాయి, ఇప్పటికీ అలాగే ఉంది. బంపర్ల గరుకు నల్ల ప్లాస్టిక్ జోలికి మాత్రం వెళ్లకండి, సందుల్లో తెల్లగా పేరుకుపోతుంది. హెడ్‌లైటు లోపలి వైపు చెమ్మ చేరి మసకబారితే పైన ఎంత రుద్దినా ప్రయోజనం ఉండదు.

కారును షెడ్డులో పెట్టుకుని, ఊళ్లోనే తిరిగేవాళ్లకు పాలిష్ ఒక్కటే సరిపోవచ్చు. ఆరుబయట నిలిపే నా కారుకైతే క్లియర్ కోటు ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోవలసిందే. అలా కలిపినా, కొత్త లైట్ల జత కొనడంకంటే నాకు చౌకగానే పడింది.