పాత గాలి పడవ కొనుగోలు, అమ్మకం: టింకర్ ట్రాంప్‌తో మూడు వేసవులు

హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న పడవ మీద తెరచాప పట్టడం నేర్చుకున్నవాడిని నేను. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్ దక్షిణ తీరానికి వచ్చాక నీటికీ గాలికీ కొదవ లేకపోయింది గాని, పడవ పెట్టుకోవడానికి చోటే లేకపోయింది. మేముండేది రెండో అంతస్తు ఫ్లాట్‌లో. కారు చిన్నది, దాని వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం కూడా లేదు. క్లబ్బులో పడవ నిలుపుకోవడానికి ఏడాదికి ఎంత కట్టాలో విన్న తరువాత, మడిచి సంచిలో పెట్టుకోగలిగే తెరచాప పడవ ఏదైనా దొరుకుతుందేమోనని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో తగిలిందే, ట్యూబుల్లో గాలి నింపి తేల్చే టింకర్ ట్రాంప్. దాన్ని పాతది కొని, మూడు వేసవులు నడిపి, నిరుడు సెప్టెంబరులో అమ్మేశాను. పడవ ఎలా నడుస్తుందన్న దానికంటే, పాత పడవలో ఏమి చూసి డబ్బు ఇవ్వాలన్న దాని గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. నాకు తలనొప్పి తెచ్చిపెట్టింది చాలావరకు అదే.

టింకర్ పడవలను సోమర్‌సెట్ కౌంటీలోని వింకాంటన్ అనే ఊళ్ళో హెన్షా సంస్థ తయారుచేసేది. ట్రాంప్ పొడవు 9 అడుగులు, అంటే సుమారు 2.7 మీటర్లు, దాని అన్నగారనదగ్గ ట్రావెలర్ 12 అడుగులు. కొత్తవి తయారుకావడం ఎప్పుడో ఆగిపోయింది కనుక ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారినవే. మామూలు రబ్బరు డింగీకి, అంటే చిన్న పడవకు, తెరచాప కడితే గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. ట్రాంప్‌ను మాత్రం మొదటినుంచీ తెరచాపతో నడిచేలాగే రూపొందించారు; చుక్కాని, నీటిలోకి దిగే నడిమి పలక, విడదీసి సంచిలో పెట్టుకోగల తెరకొయ్య, ముందు చిన్న తెర, వెనక పెద్ద తెర అన్నీ దానికి కొలిచి చేసినవే. తెడ్లు వేసుకోవచ్చు, చిన్న మోటారు కూడా తగిలించుకోవచ్చు. యాట్‌లలో దూరప్రయాణాలు చేసేవారిలో కొందరు దీన్ని ప్రాణరక్షక పడవగా కూడా వాడుకొనేవారు. అందుకోసం పడవను వెంటనే ఉబ్బించే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, పైన కప్పు కలిపిన అదనపు సామగ్రి ఉండేది. ఆ సిలిండరుతో సహా అమ్మకానికి వచ్చే పడవలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి తనిఖీ ముఖం చూడని సిలిండరుకు అదనంగా ఒక్క పౌండు కూడా ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ట్రాంప్ ఇన్నేళ్ళ తరువాత కూడా బతికి ఉండటానికి కారణం దాని గుడ్డ. అది నైలాన్ మీద హైపలాన్ అనే కృత్రిమ రబ్బరు పూసిన గుడ్డ. చవక గాలి పడవలు పీవీసీతో చేసినవి. ఎండకు, ఉప్పునీటికి హైపలాన్ తట్టుకున్నంతగా పీవీసీ తట్టుకోదు. హైపలాన్ అనే పేరుతో ఈ రబ్బరును తయారుచేసిన డ్యూపాంట్ సంస్థ 2010లో ఆ తయారీని మానుకొంది గాని, అదే జాతి రబ్బరును ఇతరులు తయారుచేస్తూనే ఉన్నారు. ఏ గుడ్డో తెలుసుకోకుండా పాత పడవ కొనకూడదు, ఎందుకంటే ఒకదానికి వాడే జిగురు రెండోదానికి పనికిరాదు. కనిపించని మూల ఒక చోట సన్నని గరుకు కాగితంతో రుద్దితే హైపలాన్ పొడిలా రాలుతుంది, పీవీసీ మాత్రం సాగి మెరుస్తుంది. అమ్మేవారి అనుమతి లేకుండా ఈ పరీక్ష చేయకండి. నేను చేసి ఒకరితో మాట పడ్డాను.

నేను మొదట చూసిన ట్రాంప్‌కు యజమాని అడిగిన ధర 650 పౌండ్లు. ప్రకటనలో అది ఒక్కసారి మాత్రమే నీళ్ళలో దిగిందని, బంగారంలా ఉందని రాశారు. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు, చిక్కంతా అందులోనే ఉంది. ఒక్కసారి నీళ్ళలో దిగిన తరువాత సుమారు ఇరవై ఐదేళ్ళు గరాజ్‌లో ఒకే చుట్టగా పడి ఉంది. చుట్ట విప్పుతుంటే మడతలు తెరుచుకోవడానికి మొరాయించాయి; లోపలి వైపు ముడతల్లోనుంచి పాత సైకిలు ట్యూబు వాసన వచ్చింది. ట్యూబు కింద అతుకు మీద అంటించిన పట్టీ అంచును చూపుడువేలి గోటితో తాకగానే, పండిన అరిటాకు ఈనె నుంచి విడివడినట్టు, అంగుళం మేర చడీచప్పుడు లేకుండా లేచివచ్చింది. పట్టీ కింద జిగురు పసుపుపచ్చగా, గాజుపెంకులా గట్టిపడి ఉంది. గుడ్డకు నూరేళ్ళ ఆయుష్షు ఉన్నా జిగురుకు లేదు. చేత్తో అంటించిన అతుకులు విడిపోవడం మొదలైతే ఒకచోట ఆగవు, వాటన్నిటినీ విప్పి మళ్ళీ అంటించడానికి నిపుణులు అడిగే డబ్బు పడవ ధరను మించిపోతుంది. అందుకే ప్రకటనలో "వాడనేలేదు" అని కనబడితే నేను ఉత్సాహపడను. ఏటా గాలి నింపి, ఆరబెట్టి, మళ్ళీ మడిచిన పడవ చూడటానికి మాసినట్టున్నా దాని మీదే నాకు నమ్మకం ఎక్కువ.

రెండో పడవ దక్షిణ తీరంలోనే ఎమ్స్‌వర్త్ అనే ఊరి దగ్గర దొరికింది. ఈసారి వెళ్ళేముందే యజమానిని ఒక కోరిక కోరాను: ముందురోజు సాయంత్రమే పడవకు పూర్తిగా గాలి నింపి, రాత్రంతా అలాగే వదిలేయమన్నాను. ఆయన ఒప్పుకోవడమే నాకు సగం భరోసా. ఉదయం వెళ్ళేసరికి ట్యూబులు కాస్త మెత్తబడి ఉన్నాయి. ఆయన ముఖం చిన్నబోయింది. నిజానికి అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ట్యూబులో గాలి ఒత్తిడి బయటి వాతావరణం కంటే 0.2 బార్ ఎక్కువ ఉందనుకుందాం. రాత్రి వేడి 20 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు దిగితే, చుక్క గాలి బయటికి పోకపోయినా ఆ 0.2 కాస్తా 0.16కు పడిపోతుంది. లోపలున్న మొత్తం గాలి ఒత్తిడి, అంటే సుమారు 1.2 బార్, మూడున్నర శాతం మేర తగ్గడం వల్ల, మన చేతికి తెలిసే ఆ కొద్దిపాటి బిగువులో అయిదో వంతు మాయమవుతుంది. ఎండ ఎక్కాక ట్యూబులు తిరిగి బిగిశాయి. ట్యూబులో విడివిడిగా గాలి నింపే గదుల్లో ఒకటి మెత్తబడి పక్కది బిగువుగా ఉంటే మాత్రం అది కారడమే. సబ్బునీళ్ళు బ్రష్షుతో వాల్వుల చుట్టూ, అతుకుల వెంట, అన్నిటికంటే ముఖ్యంగా నడిమి పలక దిగే గాడి చుట్టూ రాసి బుడగల కోసం చూశాను. ఆ గాడిలో ఇసుక చేరుతుంది, పలక నేలకు తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బంతా గుడ్డకూ జిగురుకూ పాకుతుంది. వాల్వు ఒకటి సన్నగా బుడగలు వదిలింది. దాన్ని మార్చడం కష్టం కాదు. వెనక ప్లైవుడ్ పలక కింది అంచును స్క్రూడ్రైవరు మొనతో నొక్కి, ఎక్కడా మెత్తగా దిగడం లేదని చూసుకున్నాను.

ఆ తరువాత సామాను లెక్క. టింకర్ విషయంలో ఇది పడవంత ముఖ్యం. తెరకొయ్య ముక్కలన్నీ ఉన్నాయా, అవి ఒకదానిలో ఒకటి దూరుతున్నాయా, చుక్కాని దాని పిడితో సహా ఉందా, నడిమి పలక అదేనా లేక ఎవరో వంటింటి చెక్కతో కోసుకున్నదా అని ఒక్కొక్కటీ చూడాలి. తయారీ ఆగిన పడవకు చుక్కాని విడిగా దొరకాలంటే పాత పడవ సామాన్ల సంతల్లో కాళ్ళరిగేలా తిరగాలి. చుక్కాని, తెరచాప లేని ట్రాంప్‌ను మామూలు రబ్బరు డింగీ ధరకే అడగండి. పడవ వయసు తెలుసుకోవడానికి ఒక చిన్న దారి ఉంది: 1998 జూన్ తరువాత యూరోపియన్ యూనియన్‌లో, బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చిన పడవలకు 14 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి, దాని చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరాన్ని చెబుతాయి. నా పడవకు ఆ సంఖ్య లేదు, అంటే అంతకంటే పాతదన్నమాట. నేను 420 పౌండ్లు ఇచ్చాను.

ఇక నీటి మీద దాని సంగతి. చిచెస్టర్ హార్బర్‌లో, హార్బర్ రుసుము కట్టి, పోటు మీద వెళ్ళి ఆటు మీద తిరిగి రావడం మా ఆదివారపు అలవాటు. పక్కగాలిలో, వెనకగాలిలో ట్రాంప్ హాయిగా సాగుతుంది. పిల్లలిద్దరూ ట్యూబుల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేసినా ఒరగదు. ఎదురుగాలిలో మాత్రం ఏ తెరచాప పడవైనా నేరుగా వెళ్ళలేదు, అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పోవాలి; ట్రాంప్‌తో దానికి ఓపిక కావాలి. ఎత్తైన గుండ్రని ట్యూబులు తెరచాపతో సమానంగా గాలిని పట్టుకుంటాయి కనుక పడవ ముందుకు వెళ్ళినంతగా పక్కకూ జరుగుతుంది. లేజర్‌తో మూడు మలుపుల్లో దాటే దూరానికి దీనితో ఆరు మలుపులు తిరగాలి, ఆటు ఎదురైతే ఆ ఆరు మలుపుల తరువాత కూడా అదే బోయా పక్కన ఉంటాము. ట్యూబులు మెత్తగా ఉన్నకొద్దీ తెరకొయ్యను పట్టి ఉంచే తాళ్ళు వదులవుతాయి, అప్పుడు పక్కకు జరగడం మరీ పెరుగుతుంది. అందుకే నీళ్ళలో దించి చల్లబడిన తరువాత మళ్ళీ పంపు కొట్టడం మానకూడదు. మొదటిరోజు సాయంగా వచ్చిన కడప మిత్రుడు అరగంట పంపు కొట్టి, చెమట తుడుచుకుంటూ, "అన్నా, ఇది పడవా, పరుపా?" అన్నాడు. రెండో ఏటికి ఇద్దరం కలిసి నలభై నిమిషాల్లో సిద్ధం చేయడం అలవాటైంది, అంతకంటే తక్కువలో నాకెన్నడూ కాలేదు.

రెండో వేసవిలో వెనక పలకకూ ఎడమ ట్యూబుకూ మధ్యనున్న అతుకు కారడం మొదలైంది. పట్టీ విప్పి చూస్తే, నాకంటే ముందెవరో సైకిలు పంక్చరు జిగురుతో పని కానిచ్చారని తేలింది. కొనేటప్పుడు నేను ఆ పట్టీని చూశాను, దాని అంచు నున్నగా ఉందని వదిలేశాను; తప్పు నాదే. హైపలాన్‌కు రెండు భాగాలు కలిపి వాడే జిగురు తెచ్చి, పాతదంతా గీకి, గరుకు చేసి, ద్రావకంతో తుడిచి, పలుచగా పూత మీద పూత వేసి, కారే చోటుకు అన్నివైపులా 5 సెంటీమీటర్లు మించేలా గుడ్డ అంటించాను. మూడో రోజున అది ఊడింది. ఆ రోజు చినుకులు పడుతుండటమే కారణం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పూత మీద కంటికి కనబడని తడి చేరి జిగురు పట్టదు. పొడి వాతావరణం కోసం రెండు వారాలు ఆగి మళ్ళీ చేసి, వారం పాటు కదపకుండా ఉంచాను. అమ్మేవరకూ ఆ అతుకు చెక్కుచెదరలేదు.

ప్రతి విహారం తరువాత మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టడం అన్నిటికంటే విసుగు పుట్టించే పని. తడిగా మడిస్తే పది రోజుల్లో బూజు పడుతుంది. మన తీరంలో జాలరులు తెప్ప ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెట్టడం చిన్నప్పుడు భీమిలిలో చూసేవాణ్ణి. ఆ పని చేయలేని ఇంట్లో ఈ పడవ నిలవదు. బాల్కనీ చాలక నేను మిత్రుడి గరాజ్ మీద ఆధారపడ్డాను. ఆ గరాజే లేకపోతే ఈ కొనుగోలు నాకు తప్పుడు కొనుగోలే అయ్యేది.

ఇతర పడవల గురించి రెండు మాటలు. ఫ్రాన్స్ వారి టివాల్ 3 వేగమైనది, గట్టిగా గాలి నింపిన పడవ దేహం మీద అల్యూమినియం చట్రం ఉంటుంది; అందులో లోపల కూర్చునే చోటుండదు, పైన కూర్చోవాలి, తెడ్లు వేసుకొని చేపలకు వెళ్ళడానికి పనికిరాదు, పాతది కూడా ట్రాంప్‌కు ఎన్నో రెట్లు పలుకుతుంది. డచ్ వారి డింగీగో ట్రాంప్‌లా అన్ని పనులకూ వచ్చేది. కొత్త పడవ, విడిభాగాల భరోసా కావాలనుకునేవారికి అదే మేలు.

అమ్మేటప్పుడు నేను కొనేవాడి కళ్ళతోనే ప్రకటన రాశాను. సామాన్లన్నీ దుప్పటి మీద పరిచి ఒక ఫొటో, అంటించిన అతుకు దగ్గరగా ఒక ఫొటో, మార్చిన వాల్వుది ఒకటి పెట్టాను; ధర 480 పౌండ్లు. వాల్వుకు, జిగురుకు పెట్టిన ఖర్చు పోగా నాకు మిగిలింది ఏమీ లేదు, పోయిందీ ఏమీ లేదు. ఫోన్లోనే 300కు అడిగినవారు నలుగురు. ఐదో ఆయన మాత్రం ధర గురించి కాక, ఏ జిగురు వాడారని అడిగారు. పడవ రాత్రంతా మిత్రుడి పెరట్లో బిగువుగా ఉంది. ఆ పెద్దమనిషి భార్యతో వచ్చి, నేరుగా వెనక పలక దగ్గరకు వెళ్ళి, నేను అంటించిన పట్టీ అంచును గోటితో గీరి చూశారు. ఆవిడ సామాన్ల జాబితాకు టిక్కులు పెట్టుకున్నారు. 460కి బేరం కుదిరింది. పడవ చేతులు మారినట్టు ఇద్దరం సంతకాలు పెట్టుకున్న కాగితం ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఉంచుకున్నాము. వారి కారు వెళ్ళిన గంటకు గరాజ్ మూలలో కాలి పంపు కనబడింది. జాబితాలో నేనే దాన్ని రాయడం మరిచాను. మర్నాడు పార్శిల్ చేసి పంపేశాను.