గేర్ల సైకిల్ అమ్మి బొగ్గు కరెంట్ స్కూటీ కొనుడా, సైకిలే ఉంచుకునుడా: ఏది మేలు?

నా గేర్ల సైకిల్ 2013ల కొన్న, 13,500 పెట్టి. 26 ఇంచుల చక్రాలు, ముందట షాకప్‌లు, 21 గేర్లు, అల్యూమినియం ఫ్రేమ్. గోదావరిఖనిల పన్నెండేండ్లు దీని మీదనే డ్యూటీకి పోయిన, ఆదివారం వస్తే పొద్దుగాల్నే రామగిరి ఖిల్లా దాకా తొక్కి, గుట్ట కింద చెట్టుకు ఆనిచ్చి పైకెక్కేది. ఇప్పుడు డ్యూటీ పెద్దపల్లికి మారింది, రానుపోను 50 కిలోమీటర్ల పైనే, రాత్రిపూట రాజీవ్ రహదారి మీద లారీల నడుమ సైకిల్ తొక్కుడు అయ్యే పని కాదు. సైకిల్ అమ్మి ఆ పైసలు కలిపి ఎలక్ట్రిక్ స్కూటీ తీసుకో అని మా ఆమె అంటున్నది. నాకేమో ఒకటే గుంజాటన, పెట్రోల్ చుక్కా, బొగ్గు ముక్కా ముట్టని బండిని అమ్మి బొగ్గు కరెంట్‌తో నడిచే బండి కొంటే ఏం బాగుపడ్డట్టు?

మా బాపు బొగ్గు బాయిల పని చేసి మమ్మల్ని చదివించిండు, ఈ ఇల్లు కూడా బొగ్గు పైసలతోనే లేచింది, అందుకని బొగ్గును ఒక్క మాటల కొట్టిపారేసుడు నాతోని కాదు. కానీ దాని దుమ్ముల పెరిగినోన్ని కాబట్టే దాని లెక్క సక్కగ తెల్వాలని కూసొని కాయిదం మీద రాసిన.

ముందుగాల స్కూటీల సంగతి. ఎలక్ట్రిక్ స్కూటీ 100 కిలోమీటర్లు పోవాలంటే చార్జింగ్‌ల పోయేది కలుపుకొని మూడున్నర యూనిట్లు అనుకోండి. ఒక్క యూనిట్ కరెంట్ పుట్టాలంటే థర్మల్ ప్లాంట్‌ల ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు కాలాలె. నేను నెలకు 1,250 కిలోమీటర్లు తిరుగుత, అంటే 44 యూనిట్లు, అంటే 30 కిలోల బొగ్గు. మన బొగ్గుల బూడిద 30 నుంచి 40 శాతం దాకా ఉంటది కాబట్టి నా ఒక్కని తిరుగుడుకే నెలకు పది కిలోల దాకా బూడిద మిగుల్తది, అండ్ల కొంత బూడిద చెరువుల పడ్తది, గాలికి లేస్తది. ఈ లెక్క చూసినంక ఆ రోజు నాకు మనసున పట్టలేదు.

మరి పెట్రోల్ స్కూటీ? లీటరుకు 45 ఇచ్చినా నెలకు 28 లీటర్లు కావాలె, లీటరుకు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 64 కిలోలు పొగ గొట్టం నుంచే పోతది. ఎలక్ట్రిక్ దానికి మొత్తం కరెంట్ బొగ్గుదే అనుకున్నా, యూనిట్‌కు ఇంచుమించు ఒక కిలో చొప్పున 44 కిలోల దగ్గర. దేశం మొత్తం మీద కరెంట్‌ల సోలార్, జల విద్యుత్ కూడా కలుస్తున్నయి కాబట్టి అసలు లెక్క ఇంకా తక్కువ, 32 కిలోల దగ్గర. పెట్రోల్ బండి కొన్ననాడు ఎట్లుంటదో పదేండ్లకు కూడా అట్లనే పొగ పెడ్తది, కరెంట్ బండికి మాత్రం గ్రిడ్ మారినకొద్ది లెక్క మారుతది. మా రామగుండంలనే చూడండి, ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల బొగ్గు ప్లాంట్, దాని రిజర్వాయర్ నీళ్ళ మీదనే 2022 నుంచి 100 మెగావాట్ల తేలే సోలార్ కూడా నడుస్తున్నది. 2,600 ముందట 100 చిన్నదే, కాదనను, కానీ మొదలైతే అయ్యింది కదా. కాబట్టి స్కూటీలల్ల ఎలక్ట్రిక్‌దే మేలు, దీంట్ల నాకు డౌట్ లేదు.

బస్సు ఈ రెండింటి కన్నా మేలు, ఎందుకంటే నేను ఎక్కినా ఎక్కకున్నా అది నడుస్తనే ఉంటది. లేట్ డ్యూటీ లేని రోజుల్ల బస్సే అని అనుకున్న.

ఇగ సైకిల్. ఉంచుకుంటే ఏమైతది అంటే రెండు నెలల సంది వరండాల ఏమైతుందో అదే, టైర్లల్ల గాలి పోయింది, గొలుసుకు దుమ్ము పట్టింది. ఇక్కడి దుమ్ము ఉట్టి మట్టి కాదు, బొగ్గు పొడి, నూనెల కలిసిందంటే గొలుసును ఉప్పుకాయిదం లెక్క అరగదీస్తది, నేనైతే వారానికోసారి కిరోసిన్‌తో కడిగేది. పాత ఇనుప సామాన్లోనికి ఇస్తే లోహం కరిగి మళ్ళ పనికొస్తది, అల్యూమినియం కరిగించి వాడితే కొత్తగా తీసేదానికి పట్టే శక్తిల 5 శాతమే సాలు అంటరు, అది మంచిదే. కానీ ఇంకా పదేండ్లు నడిచే బండిని కరగబెట్టుడు ఎందుకు? కిలో అల్యూమినియం కొత్తగా తీయాలంటే 14, 15 యూనిట్ల కరెంట్ కావాలె, మన దేశంల ఆ ఫ్యాక్టరీలు చాలా వరకు సొంత బొగ్గు ప్లాంట్ల మీదనే నడుస్తయి. నా ఫ్రేమ్ రెండు కిలోలు ఉంటది, అంటే అది పుట్టుడుకే 20 కిలోల బొగ్గు కాలింది. బొగ్గు ముట్టని బండి అనుకున్న గదా, అది కూడా బొగ్గుల నుంచే వచ్చింది! ఒకసారి కాలిపోయిన ఆ బొగ్గుకు న్యాయం జరగాలంటే సైకిల్ రోడ్డు మీద తిరగాలె, ఎవరు తొక్కితే ఏంది.

అట్ల అనుకున్నంక అమ్ముడు తప్పు అనిపించలేదు, ఎవరికి అమ్ముతున్ననో సూసుకోవాలె, అంతే. ఒకాయన 4,500 ఇస్తనన్నడు, వాళ్ళ బాబు సెలవులకు వచ్చినప్పుడు తొక్కుకుంటడట. ఐటీఐ చదివే పిల్లగాడు ఒకడు వచ్చి 2,500 ఉన్నయన్నా అన్నడు, రోజూ ఐదు కిలోమీటర్లు షేర్ ఆటోల పోతున్నడు, ఆటో కిరాయి మిగిలితే ఇంకో ఐదు వందలు వచ్చే నెల ఇస్త అన్నడు. స్కూటీకి కలుపుకునే పైసలు తక్కువైతయని మా ఆమె మొదలు గునిసింది, పిల్లగాడు బ్రేకులు, చక్రాలు తిప్పి తిప్పి సూసుకునుడు కిటికీల నుంచి సూసి ఏమనలే.

పిల్లగానికే ఇస్తున్న, ఇంకో ఐదు వందలు వద్దన్న. ఆదివారం వస్తడు. ఇప్పుడు మార్కెట్ల 27.5, 29 ఇంచులవి ఎక్కువైనయి, 26 ఇంచులల్ల నున్నటి టైర్లు ఎతికి రెండు తెచ్చి వేసిన, తారు రోడ్డు మీద ఆ ముండ్ల టైర్లు అనవసరంగ గుంజుతయి. వెనుక బ్రేక్ ప్యాడ్లు మార్పిచ్చిన. పంపు, రెండు ట్యూబులు, కిరోసిన్ బ్రష్ ఒక సంచిల పెట్టిన. మూడో గేర్ జర తంటాలు పెడ్తది, అది వాడు వచ్చినప్పుడు ముందట కూసోబెట్టుకొని చూపెట్టాలె.