యాక్టివ్ డైరెక్టరీలో పాత కంప్యూటర్ అకౌంట్లు ఏరడానికి సెర్చ్-ఏడీఅకౌంట్: ఆరేళ్లు వాడాక

ఆఫీసులోని యూజర్లు, కంప్యూటర్ల వివరాలన్నీ ఒకచోట ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థే యాక్టివ్ డైరెక్టరీ. దాని కిందికి వచ్చే యూజర్లు, మెషిన్ల సమూహం డొమైన్, అందులో చేరిన ప్రతి మెషిన్ పేరిటా ఒక కంప్యూటర్ అకౌంట్ ఉంటుంది. ఆరేళ్ల కిందట ఈ పని నా చేతికి వచ్చేసరికి మా డొమైన్‌లో కంప్యూటర్ల కంటే కంప్యూటర్ అకౌంట్లే ఎక్కువ. ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి కొత్త పేరు పెట్టిన ప్రతిసారీ పాత పేరు అలాగే మిగిలిపోయేది. పైగా సెట్టింగ్ మార్చకపోతే మామూలు యూజర్ కూడా పది మెషిన్ల దాకా డొమైన్‌లో చేర్చగలడు. అలా ఎవరు చేర్చారో తెలియని పేర్లు బోలెడు. అప్పటి నుంచి మూణ్ణెల్లకోసారి పవర్‌షెల్‌లోని (విండోస్‌లో కమాండ్లు నడిపే టూల్) సెర్చ్-ఏడీఅకౌంట్ అనే కమాండ్‌తోనే వాటిని ఏరుతున్నాను.

వెతికే పనిలో దీనికి వంక పెట్టలేను. కంప్యూటర్లు మాత్రమే కావాలని, 90 రోజులుగా కదలిక లేనివి కావాలని ఒక్క లైన్‌లో అడిగితే చాలు, జాబితా వచ్చేస్తుంది. అంతకుముందు డీఎస్‌క్వెరీ అనే పాత కమాండ్ వాడేవాణ్ణి. అందులో గడువు వారాల్లో చెప్పాలి. గబుక్కున ఒకసారి చూసుకోవడానికి అది ఇప్పటికీ బాగానే ఉంటుంది. కానీ ఫలితాలను ఓయూల (డైరెక్టరీలో ఫోల్డర్ల లాంటి విభాగాలు) వారీగా సర్ది సీఎస్‌వీ ఫైల్‌లోకి తీసుకోవాలంటే పవర్‌షెల్ దారే సుఖం.

అసలు జాగ్రత్త తేదీల దగ్గర కావాలి. లాస్ట్‌లాగాన్ అనే తేదీ మెషిన్ ఏ డొమైన్ కంట్రోలర్‌తో (లాగిన్‌లను సరిచూసే సర్వర్) మాట్లాడిందో దానిలోనే ఉంటుంది, మిగతా వాటికి వెళ్లదు. లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్ అన్నిటికీ వెళ్తుంది కానీ రోజూ మారదు. రెప్లికేషన్ (సర్వర్ల మధ్య మార్పులు పంచుకోవడం) భారం తగ్గించడానికి, పాత విలువ 9 నుంచి 14 రోజులు దాటాకే దాన్ని మారుస్తారు. సెర్చ్-ఏడీఅకౌంట్ చూసేది ఈ రెండోదాన్నే. అందుకే 30 రోజుల గడువు పెట్టి ఏరడం నాకు నచ్చదు, 90 పెడతాను. ఇంకో తిరకాసు ఉంది: ఆ అకౌంట్‌కి ఏయే అనుమతులు ఉన్నాయో ఎవరైనా తనిఖీ చేసినా ఈ తేదీ ముందుకు జరగొచ్చు, మెషిన్ ఆన్ కాకపోయినా సరే.

కాబట్టి రెండో సాక్ష్యంగా పాస్‌వర్డ్‌లాస్ట్‌సెట్, అంటే మెషిన్ పాస్‌వర్డ్ చివరిసారి మారిన తేదీ చూస్తాను. విండోస్ మెషిన్ మామూలుగా 30 రోజులకోసారి తన పాస్‌వర్డ్ తానే మార్చుకుంటుంది. రెండు తేదీలూ పాతవైతేనే నా జాబితాలో చేరుతుంది. అయినా ఆరు నెలలు బీరువాలో ఉన్న ల్యాప్‌టాప్‌ని తీసి ఆన్ చేస్తే పాత పాస్‌వర్డ్‌తోనే లోపలికి వస్తుంది, అప్పుడు మార్చుకుంటుంది. డైరెక్టరీ వైపు దానికి గడువు తీరడం ఉండదు. విండోస్ కాని స్టోరేజ్ పెట్టెలు, లినక్స్ సర్వర్లు, క్లస్టర్ పేర్లయితే ఈ లెక్కకి లొంగవు. వాటిని విడిగా ఒక మినహాయింపు జాబితాలో పెట్టుకున్నాను.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇంకా బాధపెడుతుంది. జాబితా రాగానే నేరుగా డిలీట్ చేశాను. అందులో ఐదు నెలల సెలవులో ఉన్న ఒక ఉద్యోగిని ల్యాప్‌టాప్ ఉంది. ఆవిడ తిరిగొచ్చి ఆన్ చేశారు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పడింది, డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. ఆ కీ కంప్యూటర్ అకౌంట్ కిందే భద్రపరిచి ఉండేది. అకౌంట్‌తో పాటే పోయింది. డిలీట్ చేసిన అకౌంట్లను వెనక్కి తెచ్చే యాక్టివ్ డైరెక్టరీ రీసైకిల్ బిన్ సదుపాయం విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచీ ఉన్నా మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది, మా దగ్గర చేయలేదు. పనికొచ్చే బ్యాకప్పూ లేదు. డిస్క్ చెరిపేయాల్సి వచ్చింది. ఆవిడ రాసుకున్న నోట్స్ అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ వారమే రీసైకిల్ బిన్ ఆన్ చేశాం. అంతకుముందు పోయినవి దానితో వెనక్కి రావు. నా పద్ధతీ మారింది. ముందు అకౌంట్‌ని డిజేబుల్ చేసి వేరే ఓయూలోకి మారుస్తాను. డిస్క్రిప్షన్‌లో ఆ రోజు తేదీ, అంతకుముందు ఉన్న ఓయూ పేరు రాస్తాను. తర్వాత మరో 90 రోజులు ఆగుతాను. అంత ఎందుకంటే, నెట్‌వర్క్‌కి దూరంగా ఉన్న మనిషి కంప్యూటర్‌లో దాచిన పాత లాగిన్‌తో హాయిగా పనిచేసుకుంటూనే ఉంటాడు. ఆఫీసు ఫైళ్లు తెరవాల్సి వచ్చినప్పుడే ఫోన్ చేస్తాడు. డిజేబుల్ చేసింది ఎనేబుల్ చేస్తే నిమిషంలో పని అయిపోతుంది. డిలీట్ అయినదైతే మెషిన్‌ని మళ్లీ డొమైన్‌లో చేర్చాలి, గ్రూపులన్నీ మళ్లీ కట్టాలి.

అకౌంట్‌ని డిలీట్ చేసే రిమూవ్-ఏడీకంప్యూటర్ కమాండ్ కొన్నిసార్లు ఆ అకౌంట్ కింద ఇంకా ఆబ్జెక్టులున్నాయని చెప్పి ఆగిపోతుంది. మొదట్లో చిరాకుపడ్డాను. ఇప్పుడు అది ఆగిన ప్రతిచోటా ముందు బిట్‌లాకర్ కీలు బయటికి తీసి భద్రపరుస్తాను, ల్యాప్స్ పాస్‌వర్డ్ (ఆ మెషిన్ లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్) కూడా. ఆ తర్వాతే కింద ఉన్నవాటితో సహా రికర్సివ్‌గా తీసేస్తాను. ఏ కమాండ్‌నైనా ముందు వాట్‌ఇఫ్ (ఏమీ మార్చకుండా, ఏం జరుగుతుందో మాత్రమే చూపించే ఆప్షన్) జోడించి నడపడం కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే నేర్పిస్తున్నాను.

దీనిలో నాకు నిజంగా లోటు అనిపించేది ఒకటే: మెషిన్ ఎవరిదో ఇది చెప్పదు. అసెట్ రిజిస్టర్‌తో పోల్చి చూడడం, మనిషికి ఫోన్ చేయడం మన పనే. సగం రోజు దానికే పోతుంది. ఈసారి జాబితాలో 41 వచ్చాయి. ఫోన్లు చేశాక 38 డిజేబుల్ చేశాను. మిగతా మూడూ సెలవులో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్‌లు, వాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో డిస్క్రిప్షన్‌లో రాసి అలాగే ఉంచాను.