వేరే గ్లాసుకు ఏ చట్టం?

టీ కొట్టు చూరులో దళితుల కోసం విడిగా దోపిన గ్లాసు. తాగినవాళ్లే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. దీని మీద కేసు పెట్టాలంటే చేతిలో రెండు చట్టాలున్నాయి.

1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం అంటరానితనం కోసమే పుట్టింది. శిక్ష మాత్రం నెల నుంచి ఆరు నెలలు, జరిమానా 100 నుంచి 500 రూపాయలు. ఐదొందలకి ఎవరు భయపడతారు చెప్పండి? పైగా చంపినా, భూమి లాక్కున్నా ఈ చట్టం పనికిరాదు.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (అంటే దౌర్జన్యాల) నిరోధక చట్టం వేరే సరుకు. ఎస్టీలకూ వర్తిస్తుంది. ముందస్తు బెయిల్ దారిని 18వ సెక్షన్ మూసేసింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. పరిహారంలో కొంత ఎఫ్ఐఆర్ దశలోనే అందాలి. కేసు కట్టకుండా "రాజీ పడండయ్యా" అని పంపేసే ఎస్సైకి కూడా 4వ సెక్షన్ కింద శిక్ష ఉంది, ఆయన ఎస్సీ, ఎస్టీ కాకపోతే. 2015 సవరణతో జనం వాడే పాత్రలు ముట్టనివ్వకపోవడం కూడా ఇందులో నేరమైంది. అంటే ఆ గ్లాసు కూడా.

అందుకే నా ఓటు 1989కే. కాకపోతే కాగితం మీది బలం కోర్టులో నిలవాలి కదా. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.