ఏడేళ్లు వాడిన ఊదారంగు ఫుకుసా

ఒసాకాలో ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆఫీసులో ఒకమ్మాయి పెళ్లికి పిలిచింది. ఇక్కడ చదివింపుల కవరును బ్యాగులోంచి అలాగే తీసి ఇవ్వకూడదట. పట్టుగుడ్డలో చుట్టి తీసుకెళ్లాలి. ఆ గుడ్డ పేరు ఫుకుసా. క్యోటోలో 8,000 యెన్లు పెట్టి టాంగో చిరిమెన్ (టాంగో అనే చోట నేసే గరుకు పట్టు) గుడ్డ కొన్నాను, 45 సెంటీమీటర్ల చదరం. గులాబీ, నారింజ రంగులు శుభకార్యాలకే పనికొస్తాయి. ఊదా అయితే పెళ్లికీ, చావుకీ రెండింటికీ చెల్లుతుంది. ఊదా తీసుకోవడమే మంచిదైంది.

పెళ్లికైతే మొదట ఎడమ కొస, తర్వాత పైది, కిందిది, ఆఖరున కుడి కొస మడవాలి. చావుకి ఇదంతా తిరగబడుతుంది. మా మేనేజర్ గారి తండ్రి పోయినప్పుడు అలవాటు కొద్దీ పెళ్లి మడతే వేసేశాను. స్టేషన్‌లో గుర్తొచ్చి, అక్కడే బల్ల మీద విప్పి మళ్లీ చుట్టాను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. కవరులో స్నేహితుల పెళ్లికి సాధారణంగా 30,000 యెన్లు, అవీ కొత్త నోట్లు పెడతారు. నోట్లు సరి సంఖ్యలో ఉంటే జంట విడిపోతుందని భయం. 1,116 చదివించే ఇంట్లో పెరిగినదాన్ని, అంకెల పట్టింపు గురించి నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

చిరిమెన్‌కి పేక దారాన్ని బాగా మెలితిప్పి నేస్తారు. నేశాక జిగురు పోయేలా ఉడికిస్తే ఆ మెలి ముడుచుకుని గుడ్డంతా సన్నటి గరుకు తేలుతుంది. అందుకే కవరు జారదు, ఏడేళ్లయినా మడతల గీతలు పడలేదు. కానీ నీళ్లు తగిలితే ముడుచుకుపోతుంది. ఒక జూన్ వానలో గొడుగు నీళ్లు కారి ఒక కొస వేలెడు కుంచించుకుపోయింది. లాండ్రీలో ఇస్తే ఆవిరి ఇస్త్రీతో ఆ గరుకు కూడా అణిగిపోయింది. చాలా బాధపడ్డాను. ఇప్పుడు ఎటు చుట్టినా ఆ కొసనే ముందు మడిచి లోపల పెట్టేస్తాను.

జపాన్‌లో ఎడో యుగంలో (1603–1868) లక్క పళ్లెంలో కానుక పెట్టి, దానిమీద కొంగలు, తాబేళ్లు, పైన్ చెట్లు కుట్టిన పెద్ద ఫుకుసా కప్పి పంపేవారు. పుచ్చుకున్నవాళ్లు కానుక ఉంచుకుని గుడ్డ తిప్పి పంపేవారు. ఇప్పుడూ అంతే. రిసెప్షన్ బల్ల దగ్గర విప్పి, గుడ్డ మడిచి, దానిమీద కవరు పెట్టి పేరు వాళ్లవైపు తిప్పి రెండు చేతులతో ఇస్తాను. గుడ్డ నాతో ఇంటికొస్తుంది.

పర్సులా ఉండే కుట్టిన ఫుకుసాలూ దొరుకుతాయి. ఒకటి వాడాను, పాలిస్టర్‌ది. మడతల గొడవ తక్కువ. ఏడాదికో పెళ్లికి వెళ్లేవాళ్లకి అది చాలు. ఇక్కడే స్థిరపడేవాళ్లు మాత్రం పట్టుదే కొనండి, వానాకాలంలో ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసుకెళ్లండి.