మా విచారణ గుడి (క్యాథలిక్ పారిష్ చర్చి) సేవలు: రెండు స్టార్లు ఇచ్చి, ఇప్పుడు ఐదుకి మారుస్తున్నాను

"ఫోన్ ఎత్తరు, అవసరానికి రారు" అని రాసి మొదట రెండు స్టార్లే ఇచ్చాను. ఆ రోజు అమ్మ పరిస్థితి ఏమీ బాగోలేదు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం రాసి చేసే ప్రార్థన) ఇప్పిద్దామని సాయంత్రం ఐదు నుంచి ఫోన్ చేస్తూనే ఉంటే, ఫాదర్ గారు వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. "ఇప్పుడా రావడం ఫాదర్?" అని గుమ్మంలోనే అనేశాను. ఆయన "సారీ అమ్మా" అని మాత్రం అని లోపలికి నడిచారు.

అంగీ అంచంతా మట్టి. బొటనవేలంత తైలం సీసా మూత తిప్పబోతే వేళ్లు వణికాయి, రెండోసారికి గానీ రాలేదు. అయినా ప్రార్థనలో ఒక్క మాట కూడా తొందరపడి చదవలేదు. అమ్మ నుదుటికీ రెండు చేతులకీ తైలం రాసి, ఆవిడ కళ్లు తెరిచి చూసేదాకా అలా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. ఇవన్నీ చూశాను కూడా. చూసి కూడా ఆ రెండు స్టార్లు ఇచ్చాను.

తర్వాత జ్ఞానస్నానాల రిజిస్టర్ తిరగరాయడానికి సాయం కావాలంటే ఆఫీసుకి వెళ్లాను. బల్ల మీద ఆయన డైరీ తెరిచి ఉంది, మా తారీఖు కనిపించింది. తెల్లవారి పూజ (మాస్), తర్వాత స్కూల్ మీటింగ్, ఇద్దరు రోగులు, నాలుగింటికి ఒకరి సమాధి కార్యక్రమం, ఏడింటికి పెళ్లి కాబోయే జంట. చివర పెన్సిల్‌తో మా ఇంటి పేరు. నేను ఫోన్ చేసిన ఐదు గంటలకి ఆయన సమాధి దగ్గర నిలబడి ఉన్నారు.

1983 నాటి శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చట్టం ప్రకారం గురువు, అంటే ఫాదర్, మామూలుగా రోజుకి ఒక్క పూజే చేయాలి. గురువులు తక్కువైన చోట బిషప్ గారి అనుమతితో రెండు, అవసరమైతే ఆదివారాల్లో మూడు దాకా చేయవచ్చు. మా దగ్గర ప్రతి ఆదివారం మూడే. విచారణ గురువుకి ఏడాదికి ఒక నెల దాకా సెలవు కూడా అదే చట్టంలో ఉంది. మా ఫాదర్ గారు పోయిన ఏడాది వాడుకున్నది ఆరు రోజులట.

పూజ, పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం), అభ్యంగనం గురువు తప్ప ఇంకెవరూ చేయలేరు. మిగతావాటికి మనుషులున్నారు. నియమించిన వాళ్లు రోగులకి దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) ఇంటికి తెస్తారు, చావు ఇంట్లో జపం మతపాఠాలు చెప్పే ఉపదేశి గారు నడిపిస్తారు. సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి వెళ్తే సరిపోతుంది. హాల్ తాళం ఎవరి దగ్గరుందో, మైకు ఎందుకు గరగరమంటోందో కూడా ఫాదర్ గారికే ఫోన్ చేసి అడిగితే, నిజంగా ప్రాణం మీదికి వచ్చిన ఇంటి ఫోన్ ఆ వరసలో ఎక్కడో చివర ఉండిపోతుంది. ఇది తలచుకుంటే నాకు బాధేస్తుంది. మేమంతా కలిసి ఆ ఫోన్‌ని అలా చేశాం.

లోటు లేదని కాదు. ఎమర్జెన్సీకి వేరే నంబర్ ఒకటి పెట్టాలి, ఆఫీసు వేళలు గేటు దగ్గర రాయాలి. ఈ రెండూ విచారణ కమిటీ చేయాల్సిన పనులు, అడిగాను. సర్టిఫికెట్‌కి వారం పట్టవచ్చు, ముందే చెప్పుకోండి.

అభ్యంగనానికి మాత్రం ఆఖరి ఘడియ దాకా ఆగకండి. జబ్బు ముదురుతోందని తెలియగానే చెబితే ఆయనకీ వీలవుతుంది, రోగికీ తెలివి ఉండగానే అందుతుంది. అమ్మ కోలుకున్నాక ఫాదర్ గారికి ఫోన్ చేసి ఆ గుమ్మం మాటకి క్షమాపణ అడిగాను. "అమ్మ ఎలా ఉన్నారు, నడుస్తున్నారా?" అని అడిగారు.

ఇప్పుడు శనివారాలు రిజిస్టర్ పని నాది.