ట్రైలర్ రివర్స్ నేర్చుకోవడానికి ఏది మేలు: ముందు ట్రాక్టరా, నేరుగా ట్రైలరా?

ఎర్రగుంట్ల సిమెంటు లోడ్లకు, తాడిపత్రి బండల లోడ్లకు కొత్తగా ట్రైలర్ (ముందు బండికి తగిలించి లాగే పొడవాటి లోడు బండి) ఎక్కే కుర్రాళ్లలో చాలామంది ఊర్లో ట్రాక్టర్ తోలి వచ్చినవాళ్లే. నేనూ అట్లా వచ్చినవాణ్ణే. "అన్నా, ట్రాక్టర్ ట్రక్కు రివర్స్ పెట్టడం నాకు వచ్చు. ట్రైలర్ కూడా అంతే గదా?" అని అడుగుతారు. సగం అంతే. గోడలకు తగిలించేది మిగతా సగం తెలియకే.

ముందు ట్రాక్టర్ మంచి చెప్తాను. చెనిక్కాయ పీకేసిన చేన్లో రెండు చక్రాల ఖాళీ ట్రక్కుతో ఎంతసేపు తిప్పినా తగలడానికి ఏమీ ఉండదు. వెనక్కి పోయేటప్పుడు ట్రక్కు స్టీరింగ్‌కు ఎదురు తిరుగుతుందని చేతికి అక్కడే అర్థమవుతుంది. స్టీరింగ్‌ను కింది అంచున పట్టుకోండి. చెయ్యి ఏ వైపు జరిగితే ట్రక్కు వెనక భాగం ఆ వైపే పోతుంది. ట్రాన్స్‌పోర్టు బండికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్స్) కావాలంటే చిన్న బండి లైసెన్స్ వచ్చి ఏడాది కావాలి, తోలాలంటే 20 ఏళ్లు నిండాలి. ఆ ఎదురుచూసే కాలంలో చేన్లో ఈ పని చేసుకోవచ్చు. నాలుగు చక్రాల ట్రక్కు మాత్రం వద్దు. అది రెండు చోట్ల మడుస్తుంది, కొత్తవాణ్ణి గందరగోళం చేస్తుంది.

ఇక తేడాలు. ట్రాక్టర్‌కు ట్రక్కు తగిలించే కొక్కెం వెనక చక్రాల కంటే వెనక ఉంటుంది. ట్రక్కేమో పొట్టిది. అందుకే స్టీరింగ్ కొంచెం తిప్పగానే మడుస్తుంది. 40 అడుగుల ట్రైలర్ అట్లా కాదు. దాని ముందు భాగం కూర్చునేది దాదాపు ముందు బండి వెనక చక్రాల మీదే, దాని చక్రాలు ఎక్కడో చివర ఉంటాయి. తిప్పిన కాసేపటికి గానీ కదలిక కనపడదు. ట్రాక్టర్ అలవాటున్నవాడు ఆగలేక ఇంకా తిప్పుతాడు. అప్పుడు ఒక్కసారిగా మడిచి క్యాబిన్ మీదికి వస్తుంది.

అంతకంటే పెద్ద తేడా చూపులో ఉంది. ట్రాక్టర్ సీట్లో మెడ తిప్పితే ఖాళీ ట్రక్కు మొత్తం కనిపిస్తుంది. ట్రైలర్‌లో మెడ తిప్పితే కనిపించేది క్యాబిన్ గోడ. అద్దాలే దిక్కు. వెనక భాగం కుడికి పోతుంటే కిటికీలోంచి తల పెట్టి చూసుకోవచ్చు. ఎడమకు పోతే కుడి అద్దంలో ట్రైలరే ఉండదు, ఎడమ అద్దంలో దాని పక్కగోడ తప్ప చివరి మూల అందదు. మొదటి ఏడాది కర్నూలులో ఒక గోడౌన్ దగ్గర ఎడమకు పెడుతూ పాత అలవాటుతో మెడ తిప్పాను. ఆ రెండు క్షణాల్లో వెనక మూల పిల్లర్‌కు తగిలింది. క్లీనర్ "ఆపన్నా" అని అరిచాడంట, ఇంజిన్ మోతలో నాకు వినపడలేదు. వాడు గోడకూ ట్రైలర్‌కూ మధ్యలో నిలబడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటే భయమేస్తుంది. క్లీనర్ అద్దంలో కనపడకపోతే బండి ఆగాలి, అంతే.

అందుకే నా తీర్పు ట్రైలర్‌కే. ట్రాక్టర్ వారం చాలు. అంతకు మించితే మెడ తిప్పే అలవాటు ముదురుతుంది. ఖాళీ ట్రైలర్ మీద, సీనియర్ డ్రైవర్ పక్కనుండగా, నెలైనా నేర్చుకోవాలి. ఓనర్లు ఒప్పుకోరన్నది నిజమే. అడ్డంగా మడిస్తే ట్రైలర్ టైర్లు పక్కకు ఈడ్చుకుపోయి అరుగుతాయి, వాళ్ల బాధ వాళ్లది. కానీ లోడింగ్ కోసం గంటలు గంటలు ఆగే చోట ఖాళీ స్థలం దొరికితే, అడిగి, తిన్నగా వంద అడుగులు వెనక్కి పోవడం మొదలుపెట్టండి. ఏ అద్దంలో ట్రైలర్ ఎక్కువ కనపడుతుందో ఆ వైపే స్టీరింగ్ కొద్దిగా తిప్పి, వెంటనే సర్దుకోండి. తిన్నగా వచ్చాకే కుడి మలుపు, ఎడమది చివర్న.

ట్రైలర్ అసలు దొరకని వాళ్లు ట్రాక్టర్‌కే రెండు పెద్ద అద్దాలు బిగించుకోండి. చేన్లో ఇటుకలు పెట్టి, మెడ తిప్పకుండా అద్దాల్లోనే చూస్తూ వెనక్కి పోండి. అనుమానం వచ్చిన ప్రతిసారీ దిగి చూడండి, పక్కన ఎవరు నవ్వినా సరే.